టేపు అయిపోయిన చోటు నుంచి

(బెంగళూరులో తెలుగు మిత్రులు నెలనెలా కలుసుకునే సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం.

పోయిన నెల ఇక్కడే ఒక పెద్దాయన అన్నమయ్య మీద గంటన్నర మాట్లాడారు. సగంమంది కళ్ళు తుడుచుకున్నారు. ఆ తర్వాతి నెల నన్ను పిలిచి, "నీకు బాగా తెలిసిన సంగీతం గురించి చెప్పు" అన్నారు. నాకు బాగా తెలిసింది ఇదీ. (చొక్కా మీది బొమ్మ చూపిస్తూ. నవ్వులు.) ఈ అస్థిపంజరం పేరు ఎడ్డీ. మా అమ్మ ఈ టీ షర్టు ఉతికినప్పుడల్లా బొమ్మ లోపలికి పోయేట్టు తిరగేసి ఆరేస్తుంది, పక్కింటి పిల్లలు జడుసుకుంటారని. అన్నమయ్య తర్వాత ఎడ్డీ అంటే మీకు దిగుడే. కాస్త ఓర్చుకోండి.

ఎడ్డీ గుర్తుబొమ్మగా ఉన్న, హెవీ మెటల్ అనే గట్టి రాక్ సంగీతం వాయించే బ్యాండు పేరు ఐరన్ మెయిడెన్. లండన్ తూర్పు వైపు లేటన్ అనే పేటలో స్టీవ్ హారిస్ అనే కుర్రాడు 1975 క్రిస్మస్ నాడు మొదలుపెట్టాడు. బేస్ గిటార్ వాయిస్తాడు. ఇప్పటికీ ఆయనదే పెత్తనం. మొదటి ఆల్బమ్ 1980లో, పదిహేడోది సెంజుట్సు 2021లో వచ్చాయి. ఈ పదిహేడింటినీ వచ్చిన వరుసలోనే, వారానికి ఒకటి చొప్పున, ఒక్క పాట కూడా దాటెయ్యకుండా విన్నాను. ఎందుకు విన్నానో చెప్పాలంటే ఒక క్యాసెట్టు దగ్గర మొదలుపెట్టాలి.

1996. అనంతపురం. ఇంటర్ రెండో సంవత్సరం. మా మేనత్త కొడుకు ఇక్కడ బెంగళూరులో ఇంజినీరింగ్ చదివేవాడు. సెలవులకి వచ్చినప్పుడు ఒక టీడీకే 90 నా చేతిలో పెట్టి, "ఇది విను బావా, చెవుల తుప్పు వదుల్తుంది" అన్నాడు. ఒక పక్క పీస్ ఆఫ్ మైండ్, ఇంకో పక్క పవర్‌స్లేవ్. రెండూ బ్యాండు మంచి ఊపు మీదున్నప్పుడు, 1983లో, 84లో వచ్చినవి.

90 క్యాసెట్టు అంటే పక్కకి 45 నిమిషాలు, గుర్తుంది కదా. పీస్ ఆఫ్ మైండ్ అటూ ఇటుగా అంతే ఉంటుంది, సరిపోయింది. పవర్‌స్లేవ్ 51 నిమిషాలు. చివరి పాట ఒక్కటే పదమూడు నిమిషాల పైచిలుకు. కోలరిడ్జ్ అనే ఇంగ్లీషు కవి 1798లో అచ్చువేసిన ముసలి నావికుడి కథ అది. నావికుడు ఆల్బట్రాస్ పక్షిని చంపుతాడు, శాపం తగులుతుంది, గాలి ఆగిపోయి ఓడ నడిసముద్రంలో కదలకుండా నిలబడిపోతుంది. పాట కూడా అక్కడ నిలబడిపోతుంది. డ్రమ్స్ ఆగుతాయి. ఓడ చెక్కలు కిర్రుమంటుంటాయి, బేస్ గిటార్ ఒక్కటే మెల్లగా పలుకుతుంటుంది, ఎవరో కవిత చదువుతుంటారు. మా క్యాసెట్టులో సరిగ్గా ఆ నిశ్శబ్దంలో ఉండగానే టేపు అయిపోయి, టేప్ రికార్డర్ మీట టక్‌మని పైకి లేచేది.

పాట అంతే అనుకున్నాను నేను. ఒట్టు! ఓడని అలా సముద్రం మధ్యలో వదిలేసి పాట ముగించారంటే ఎంత గొప్పవాళ్ళు అనుకున్నాను. స్నేహితులకి కూడా అలాగే చెప్పాను, ఏదో పెద్ద విమర్శకుడిలా. (నవ్వులు.) 2001లో ఉద్యోగానికి బెంగళూరు వచ్చి, మొదటి జీతంలో సీడీ కొని, గదిలో పెట్టుకుంటే ఆ నిశ్శబ్దం తర్వాత పాట మళ్ళీ లేచింది. మంచం మీద పడుకున్నవాడిని లేచి కూర్చున్నాను. ఇంకో అయిదారు నిమిషాలుంది! గాలి వచ్చింది, ఓడ కదిలింది, నావికుడు ఇల్లు చేరాడు. అయిదేళ్ళపాటు అతన్ని నేను దారిలోనే పెట్టేశాను.

ఆ రోజుల్లో శనివారం సాయంత్రమైతే బ్రిగేడ్ రోడ్డు పక్క సందులో పెకోస్. రాక్ వినేవాళ్ళకి అదొక మఠం. అక్కడ నాకంటే పదేళ్ళు పెద్దవాళ్ళు, జుట్టు పల్చబడ్డా పిలక వదలనివాళ్ళు, బీరు మగ్గు బల్లమీద కొట్టి తీర్పు చెప్పేవాళ్ళు: "ఎనభై ఎనిమిదితో మెయిడెన్ అయిపోయింది." అంటే ఏడో ఆల్బమ్ సెవెంత్ సన్‌తో. తర్వాతదంతా పింఛను డబ్బులన్నమాట. నేను తల ఊపాను. ఇరవై ఏళ్ళు ఆ మాటే నా మాటగా చెప్పుకు తిరిగాను. ఆ తర్వాతి ఆల్బమ్‌లు కొనలేదా అంటే కొన్నాను. ఒక్కోటి రెండేసిసార్లు విని అలమరలో పెట్టాను. అదీ మన భక్తి.

పోయినేడు మా అమ్మాయి అలమర సర్దుతూ, "నాన్నా, ఇవన్నీ కలిపితే ఎన్ని గంటలు?" అని అడిగింది. లెక్క వేశాం. అంతా కలిపి పదహారున్నర గంటలు. అందులో నేను బ్యాండు అనుకున్న మొదటి ఏడు ఆల్బమ్‌లు ఎంతో తెలుసా? అయిదు గంటలు. మూడోవంతు కూడా లేదు. 2000 నుంచి వచ్చిన ఆరు ఆల్బమ్‌లే ఏడున్నర గంటలున్నాయి. ఏడు ఆల్బమ్‌లకంటే ఆరు ఎక్కువ! క్యాసెట్టుది ఒక్కసారి చేసిన తప్పు. నాది మరీ దారుణం.

అందుకని వరుసలో మొదలుపెట్టాను. వినడానికి చోటు వెతుక్కోనక్కరలేదు, ఔటర్ రింగ్ రోడ్డు ఉంది కదా. కిల్లర్స్ 38 నిమిషాలు, అది మారతహళ్లి నుంచి సిల్క్ బోర్డు దాకా. వర్షం పడితే బుక్ ఆఫ్ సోల్స్. అది 92 నిమిషాలు. (నవ్వులు.)

మొదటి ఏడు వారాల గురించి ఎక్కువ చెప్పను. అవి బాగుంటాయని అందరికీ తెలుసు. మొదటి రెండింటిలో పాల్ డియానో గొంతు వీధి పోకిరి గొంతు. 1981లో బ్రూస్ డికిన్సన్ వచ్చాక అది అరవై అడుగుల కటౌట్ అయింది. కానీ ఒక్క సంగతి చెప్పకుండా దాటలేను, ఎందుకంటే అది తెలుగువాళ్ళకే అర్థమయ్యే సంగతి.

ఈ బ్యాండుకి ఒక నడక ఉంది. గ్యాలప్ అంటారు, గుర్రం పరుగు. (బల్ల మీద వేళ్ళతో కొడుతూ) తా-తక, తా-తక, తా-తక, తా-తక. హారిస్ బేస్ గిటార్‌ని ప్లెక్ట్రమ్ అనే చిన్న ముక్కతో కాకుండా ఉత్త వేళ్ళతో మీటుతాడు. ఆ తీగలు ఫ్రెట్లకి, అంటే గిటార్ మెడ మీది లోహపు మెట్లకి, తగిలి టకటకమంటాయి, ఆ చప్పుడే గుర్రం డెక్క. దీన్ని పాతికేళ్ళు విన్నాను. మూడో వారం సిగ్నల్ దగ్గర ఆగి స్టీరింగ్ మీద కొట్టుకుంటుంటే ఉన్నట్టుండి మా హైస్కూలు తెలుగు మాస్టారు గుర్తొచ్చారు. మొదటిది రెండు మాత్రలు, తర్వాత రెండూ ఒక్కో మాత్ర. గురువు, లఘువు, లఘువు. ఏ గణం?

(సభలోంచి: "భ గణం!")

భ గణం! య-మా-తా-రా-జ-భా-న-స-ల-గం. ఉత్పలమాల ఏ గణంతో మొదలవుతుంది? అదే. ఇంకా ఉంది. రెండు లఘువులు ముందొచ్చి గురువు తర్వాతొస్తే, తక-తా, తక-తా, మెటల్ వాళ్ళు దాన్ని రివర్స్ గ్యాలప్ అంటారు. మనం స గణం అంటాం. బ్లాక్ బోర్డు మీద యు గుర్తు, నిలువు గీత వేసి మాకు నేర్పింది ఇదేనని మాస్టారుకి తెలిస్తే సంతోషించేవారో, బెత్తం తీసేవారో. 1983 నుంచి డ్రమ్స్ వాయించిన నికో మెక్‌బ్రెయిన్ ఈ గణాలన్నిటికీ దాదాపు ఎప్పుడూ ఒకే కాలితో, ఒకే పెడల్‌తో దరువు వేశాడు. ఈ సంగీతంలో మిగతావాళ్ళు రెండు కాళ్ళతో తొక్కేస్తుంటే.

సరే, బెంగళూరుకి వస్తాను. 2007 మార్చి 17, శనివారం. ప్యాలెస్ గ్రౌండ్స్‌లో ఐరన్ మెయిడెన్. మన దేశంలో వాళ్ళ మొదటి కచేరీ. ఢిల్లీ బ్యాండు పరిక్రమ వాళ్ళకంటే ముందు వాయించింది. టికెట్టు నా జేబులో ఉంది. ఆ రోజే మా ఆఫీసులో సాఫ్ట్‌వేర్ రిలీజ్. మా మేనేజరు, ఆయన పేరూ కంపెనీ పేరూ ఎందుకులెండి, "ఆ పాటలు సీడీలో దొరుకుతాయి కదా" అన్నాడు. ఎలక్ట్రానిక్ సిటీలో బైకు తీసేసరికి బాగా పొద్దుపోయింది. జయమహల్ రోడ్డు చేరేసరికి లోపల ఆఖరి పాటలు నడుస్తున్నాయి. గేటు వెతుక్కుంటూ తిరిగేకంటే నయమని గోడ వారగా బైకు ఆపి విన్నాను. పక్కన కంకులు కాల్చుకునే ఆయన, మన చిత్తూరు వైపు యాస, బొగ్గులు విసురుతూ అడిగాడు: "ఎవురిదన్నా పెండ్లా సార్? బ్యాండు ఇంత గట్టిగా వాయిస్తా ఉండారు!" (పెద్దగా నవ్వులు.) ప్యాలెస్ గ్రౌండ్స్ అంటే ఆయన లెక్కలో పెళ్ళిళ్ళే. నాకు నవ్వొచ్చే స్థితి కాదది. కంకి తిన్నాను.

లోపలికెళ్ళిన స్నేహితులు మర్నాడు ఏమన్నారంటే, "బానే ఉందిగానీ కొత్త ఆల్బమ్ పాటలు ఎక్కువ పాడారురా." నేను కూడా అదే పాట. చూడనివాడికి ఫిర్యాదులెక్కువ. 2009 ఫిబ్రవరి 15న మళ్ళీ వచ్చారు, అప్పుడు నేను లోపలే ఉన్నాను. అంతా పాత పాటలే. గొంతు పోయేదాకా అరిచాను. ఆ రోజు ఇంకేమీ వద్దనిపించింది. అదే తీర్పుని ఇంకో పదిహేనేళ్ళు మోసుకు తిరిగాను.

ఇప్పుడు ఎనిమిదో వారం నుంచి. 1990లో గిటారిస్టు ఏడ్రియన్ స్మిత్ వెళ్ళిపోయాడు, జానిక్ గెర్స్ వచ్చాడు. ఆ యేటి ఆల్బమ్‌ని హారిస్ ఇంటి దగ్గర కొట్టంలో రికార్డు చేశారు. వింటే కొట్టంలో చేసినట్టే ఉంటుంది. విచిత్రం ఏంటంటే, బ్రిటన్‌లో వాళ్ళకి ఒకే ఒక్కసారి నంబర్ వన్ వచ్చిన సింగిల్ ఈ ఆల్బమ్‌లోదే. తొమ్మిదోది ఫియర్ ఆఫ్ ద డార్క్. దాని పేరుపాట ఒక్కటి చాలు, మిగతావి మీ ఓపిక. 1993లో బ్రూస్ కూడా వెళ్ళిపోయాడు.

పదో వారం ద ఎక్స్ ఫ్యాక్టర్. 1995. కొత్త గాయకుడు బ్లేజ్ బేలీ. అభిమానుల్లో దీని పేరెత్తితే ముఖం చిట్లిస్తారు. 71 నిమిషాలు, అంతా చీకటి. హారిస్‌కి అప్పుడు విడాకులవుతున్నాయి. మొదటి పాటే పదకొండు నిమిషాలు, చర్చిలో సన్యాసులు పాడినట్టు ఒక కోరస్‌తో మొదలవుతుంది.

ఆ వారం మా నాన్నకి ఇక్కడే కంటి శుక్లం ఆపరేషన్. అయ్యాక కంటికి కట్టుతో వరండాలో నా పక్కన కూర్చున్నారు, డాక్టరు పిలిచేదాకా. ఆయన మా ఊళ్ళో రామభజన మందిరంలో నలభై ఏళ్ళు భజన చేసిన మనిషి. హార్మోనియం మీద శ్రుతి పెట్టేది ఆయనే. నా చెవిలో వైరు చూసి, "ఏం వింటున్నావ్ రా? ఒకటి ఇటివ్వు" అన్నారు. ఇచ్చాను. రెండు నిమిషాలు వద్దనకుండా విన్నారు. తర్వాత, "ఈ అబ్బాయిది మంచి గొంతే. బొంగురుగా, అడుగున ఉంది. మాలో వెనక వరస పాడే గొంతు. వీడికేంట్రా అంత పై శ్రుతి పెట్టారు? ఒక మెట్టు దించుకోవచ్చు కదా, పాపం!"

నేను నోరు తెరుచుకుని చూశాను. పాతికేళ్ళుగా అభిమానులు, విమర్శకులు రాసిందంతా ఆయన హాస్పిటల్ వరండాలో ఒంటికంటితో చెప్పేశారు. (నవ్వులు, చప్పట్లు.) నిజంగా జరిగిందదే. బ్లేజ్ గొంతు కింది స్థాయిది. బ్యాండు మాత్రం వాద్యాల శ్రుతి దించలేదు. కచేరీల్లో బ్రూస్ పాటలు కూడా అదే ఎత్తులో పాడమన్నారు. మనిషి నలిగిపోయాడు, తిట్లన్నీ అతనికే పడ్డాయి. 2001 జనవరిలో రియో డి జనీరోలో రెండున్నర లక్షలమంది ముందు తిరిగొచ్చిన బ్రూస్ ఆ పదకొండు నిమిషాల పాటే పాడితే, ఇదెక్కడి అద్భుతం అన్నారు జనం. పాట అదే. అక్షరం మారలేదు.

నేను చెప్పదలుచుకున్నది ఇదే. వరుసలో వింటే ఎక్స్ ఫ్యాక్టర్ పతనం కాదు, పునాది. బేస్ గిటార్ ఒంటరిగా మెల్లగా ఎత్తుకోవడం, గొంతు గుసగుసగా మొదలవడం, మూడో నిమిషానికి అంతా ఒక్కసారి లేవడం, చివరికి మళ్ళీ మొదటి గుసగుసలోకే దిగిపోవడం. 2000 తర్వాత వచ్చిన పెద్ద పాటలన్నీ ఈ అచ్చులో పోసినవే. ఏడు నుంచి పన్నెండుకి దూకితే ఇదెక్కణ్ణుంచి వచ్చిందో తెలీదు. ముసలితనం వల్ల నెమ్మదించారనుకుంటాం. నేను అలాగే అనుకున్నాను.

పదకొండోది, వర్చువల్ ఎలెవన్ మాత్రం... అందులో ఒక పది నిమిషాల పాటలో పల్లవి తిప్పితిప్పి పాడతారు. వేళ్ళు మడిచి లెక్కపెట్టడం మొదలుపెట్టి పదిహేను దాటాక వదిలేశాను. అన్నిటినీ వెనకేసుకు రావాలని నేనేం ప్రమాణం చెయ్యలేదు.

1999లో బ్రూస్, ఏడ్రియన్ ఇద్దరూ తిరిగొచ్చారు. పాతవాడొచ్చాడని జానిక్‌ని పంపేశారా? లేదు. ముగ్గురు గిటారిస్టులయ్యారు. ఉమ్మడి కుటుంబంలో అల్లుడు తిరిగొస్తే ఇంకో గది వేస్తారు చూడండి, అలా. 2000లో వచ్చిన ఆల్బమ్ బ్రేవ్ న్యూ వరల్డ్ చాలా బాగుంటుంది. దాని తర్వాతది డాన్స్ ఆఫ్ డెత్, అట్ట చూడకుండా వినండి. 2006లోది ఎ మ్యాటర్ ఆఫ్ లైఫ్ అండ్ డెత్. గోడ బయట కంకి తింటూ నేను వినలేకపోయిన కొత్త పాటలు ఇందులోవే. యుద్ధాల గురించి, సైనికుల గురించి. రికార్డు చేసింది చేసినట్టే, చివరి మెరుగు పెట్టకుండా విడుదల చేశారు. ఆ యేడు టూర్‌లో మొత్తం ఆల్బమ్ మొదటి నుంచి చివరిదాకా వాయించారు. జనం పాత పాటలు అడుగుతున్నా సరే. యాభై ఏళ్ళ మనుషులకి ఆ మొండితనం ఉండటం నాకిప్పుడు ముచ్చటేస్తుంది. అప్పుడు చిరాకేసింది.

ఇక పదహారో వారం. ద బుక్ ఆఫ్ సోల్స్, 2015. దీని చివర పద్ధెనిమిది నిమిషాల పాట ఉంది, బ్యాండు పాటలన్నిట్లోకీ పొడుగైంది. బ్రూసే రాశాడు, పియానో కూడా తనే వాయించాడు. కథేంటంటే, ఆర్101 అనే ఆకాశనౌక. హైడ్రోజన్ నింపిన బ్రహ్మాండమైన సంచి. 1930 అక్టోబర్ 4 సాయంత్రం ఇంగ్లండ్‌లో కార్డింగ్టన్ నుంచి బయల్దేరింది. ఎక్కడికి? కరాచీకి. అంటే అప్పటి ఇండియాకి. అక్కడ దానికోసం ఒక స్తంభం, పెద్ద షెడ్డు కట్టి సిద్ధంగా పెట్టారు. ఆ రాత్రి వానలో, గాలిలో ఫ్రాన్స్ దాటకుండానే బోవే అనే ఊరి దగ్గర కూలి తగలబడింది. 54 మందిలో 48 మంది పోయారు. మంత్రిగారు కూడా ఉన్నారు అందులో, లార్డ్ థామ్సన్. కరాచీలో షెడ్డు ఖాళీగా ఉండిపోయింది.

ఇది రాసినవాడు ఎవరు? విమానం నడిపే పైలట్. 2008లో బ్యాండుని, సామాన్లని, ఎడ్డీని ఒక బోయింగ్ 757లో ఎక్కించుకుని తనే నడుపుతూ ముంబయిలో దింపాడు. మన దేశానికి గాలిలో బయల్దేరి చేరని నౌక గురించి, చేరినవాడు రాశాడు. పాట మధ్యలో ఎస్ఓఎస్ మోర్స్ సంకేతం తీగల మీద మోగుతుంది, మూడు లఘువులు, మూడు గురువులు, మూడు లఘువులు. న గణం, మ గణం, న గణం. ఆపలేకపోతున్నాను, క్షమించాలి. (నవ్వులు.) ఈ ఆల్బమ్ రికార్డింగ్ అయ్యాకే బ్రూస్‌కి నాలుక దగ్గర క్యాన్సర్ బయటపడింది. చికిత్స అయ్యింది, మళ్ళీ వేదిక ఎక్కాడు.

తప్పులు లేవా అంటే ఉన్నాయి. రెండో ఆల్బమ్ నుంచి తొమ్మిదో ఆల్బమ్ దాకా మార్టిన్ బర్చ్ అనే ప్రొడ్యూసర్ ఉండేవాడు. ఆయన తర్వాత హారిస్ చేతిలోంచి కత్తెర లాక్కుని, "ఇక్కడ కొయ్యి" అనేవాడు లేడు. రెండు నిమిషాల ఎత్తుగడ ఆరో పాటకి కూడా అదే అయితే నాలాంటివాడికే ఆవలింత వస్తుంది.

పైగా నా వాదనకి పెద్ద ఎదురు సాక్షి బ్యాండే. యాభై ఏళ్ళ పండగ అని 2025లో టూర్ మొదలుపెట్టారు. ఏ పాటలు పాడుతున్నారో తెలుసా? మొదటి తొమ్మిది ఆల్బమ్‌లవి. 1992 దగ్గర ఆపేశారు! పెకోస్ పెద్దలు గెలిచినట్టే. నేను మాత్రం ఒప్పుకోను. పండక్కి పాత ఫొటోలు తీస్తాం, సరే. ఆ తర్వాత పుట్టిన పిల్లల్ని గదిలో పెట్టి గడియ వెయ్యం కదా. అదీగాక ఈ పండగకి నికో వేదిక మీద లేడు. 2023లో పక్షవాతం వచ్చినా వాయించి, 2024 డిసెంబర్‌లో టూర్లు చాలించాడు. పాల్ డియానో ఆ అక్టోబర్‌లోనే పోయాడు. మొదటి మూడు ఆల్బమ్‌ల డ్రమ్మర్ క్లైవ్ బర్ 2013లోనే వెళ్ళిపోయాడు.

మా నాన్న మొన్న ఫోన్ చేసి, "ఆ పై శ్రుతి అబ్బాయి ఏమయ్యాడు రా?" అని అడిగారు. సొంతంగా పాడుకుంటున్నాడు నాన్నా, తన గొంతుకి తగ్గట్టు రాసుకుని, అన్నాను. "అదీ!" అన్నారు.

భోజనాలు ఎనిమిదిన్నరకన్నారు. ఇంకా పావుగంట ఉంది, పాట పదకొండు నిమిషాలు. రియోలో పాడింది కాదు, బ్లేజ్ పాడిందే పెడుతున్నాను. సన్యాసుల కోరస్ అయ్యేదాకా ఏమీ జరగనట్టుంటుంది, స్పీకర్లు చెడిపోయాయని ఎవరూ లేవకండి. మధ్యలో ఒకచోట అంతా ఆగిపోతుంది. అది అయిపోయినట్టు కాదు. తమ్ముడూ, ఆ లైట్లు కాస్త తగ్గించు.